కలం మీదే, కుర్చీ మాత్రం ఆఫీసుది

ఈ వారం టపాలో సినిమా ప్రశ్నలకు కొదవ లేదు. ఫలానా హీరో పక్కన ఫలానా హీరోయిన్‌ని ఎందుకు పెట్టడం లేదని కొందరు, ఫలానా పాటలో కట్టిన చీర ఎక్కడ దొరుకుతుందని మరికొందరు అడిగారు. వాళ్ళందరికీ వచ్చేవారం జవాబులు. ఎందుకంటే ఈ వారం ఒకే ఒక్క ఉత్తరం ఈ పేజీ మొత్తం అడుగుతోంది. అది చదివితే మీలో సగం మంది ‘ఇది నా కథే గదా!’ అంటారు. కృష్ణా జిల్లా పామిడిముక్కల నుంచి ఒక తమ్ముడు వ్రాశాడు. పేరు వేయవద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఉత్తరమే చెబుతుంది.

‘అన్నయ్యా! డిగ్రీ అయ్యాక రెండేళ్ళు తిరిగితే ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద ఉద్యోగం దొరికింది. పగలు ఆఫీసు, రాత్రి ఫోను. నాకు వ్రాయడం పిచ్చి. చూసిన సినిమా మీద, మా వూరి మీద, ఆఫీసులో జరిగే తమాషాల మీద నా పేరుతోనే ఫేస్‌బుక్కులో వ్రాస్తుంటాను. చదివేవాళ్ళు బాగానే వున్నారు. పోయిన నెల మా సారుని పాత సినిమాల్లో విలన్‌తో పోల్చి, పేరు పెట్టకుండా ఒక ముక్క వ్రాశాను. అందరూ పడీ పడీ నవ్వారు. సోమవారం పొద్దున్న ఆయన నన్ను పిలిచి, నేను వ్రాసినదాన్నే కాగితం మీద ప్రింటు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్క మాట అనలేదు. వచ్చే మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది. వ్రాయడం మానెయ్యమని అమ్మ ఏడుస్తోంది. నేనేం చెయ్యాలి? వ్రాత మానెయ్యనా? ఉద్యోగం మానెయ్యనా?’

తమ్ముడూ, రెండూ మానక్కరలేదు. కాని రెండింటినీ ఒకే జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు. అక్కడే వచ్చింది చిక్కు.

ముందు ఒక్క మాట. ఇలాంటి ఉత్తరం వస్తే సినిమా పత్రికలో జవాబు చెప్పడం చాలా తేలిక. మీ పక్కనే నిమ్మకూరు వుంది. ఆ వూరి ఎన్.టి.రామారావు గారు 1947లో సబ్ రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలకే ఆ కుర్చీ వదిలేసి మద్రాసు వెళ్ళారు. 1949లో ‘మనదేశం’తో తెరకెక్కారు. తర్వాత కథ మీకు తెలిసిందే. ‘నువ్వూ అలాగే రాజీనామా పారేసి రా’ అని వ్రాస్తే చప్పట్లు పడతాయి. కాని ఆయన ఒక అవకాశం పిలిచాక వెళ్ళారు, పిలవకముందు కాదు. మానేసి పైకొచ్చినవాళ్ళ కథలు మనకు పుస్తకాల్లో దొరుకుతాయి. మానేసి దిక్కులు చూసినవాళ్ళ కథలు ఎవరూ అచ్చు వేయరు.

ఉద్యోగం చేస్తూనే వ్రాసినవాళ్ళు మనకు తక్కువేం కాదు. గొల్లపూడి మారుతీరావు గారు ఆకాశవాణిలో పనిచేస్తూనే సినిమాలకు వ్రాశారు. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’కి పనిచేసిన నాటి నుంచి, 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో నటుడిగా తెర మీదకు వచ్చేదాకా చాలా యేళ్ళు గడిచాయి. యండమూరి వీరేంద్రనాథ్ గారు లెక్కలు చూసే ఉద్యోగం చేస్తూనే పాఠకులకు నిద్రలేకుండా చేశారు. ఇక బీనాదేవి అన్న పేరు విన్నావా? ఆ పేరు వెనక భాగవతుల నరసింగరావు గారు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ గారు వున్నారు. నరసింగరావు గారు న్యాయమూర్తి ఉద్యోగం చేసినవారు. పగలు తీర్పులు వ్రాసిన చెయ్యి రాత్రి కథలు వ్రాసింది. అంచేత కలానికీ కుర్చీకీ పుట్టుకతో వైరం ఏమీ లేదు. వైరం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి.

పెడన నేర్పిన పాఠం

ఈ పాఠానికి మీ జిల్లా దాటి వెళ్ళక్కరలేదు. బందరు పక్కనే పెడన. కలంకారీ అద్దకానికి పేరున్న వూరు. 2013 సెప్టెంబరులో ఆ వూరి పేరు వున్నట్టుండి సినిమా వార్తల్లోకెక్కింది. పవన్ కళ్యాణ్ ‘అత్తారింటికి దారేది’ ఇంకా విడుదల కాలేదు. అక్టోబరు 9న రావాలి. ఈలోగా సుమారు గంటన్నర సినిమా బయటకు పొక్కింది. పోలీసులు తీగ లాగితే పెడనలో డొంక కదిలింది. ఇంకా వెనక్కి వెళితే ఆ కాపీ మొదట బయటకు వచ్చింది ఎక్కడి నుంచి? ఏ దొంగ నుంచో కాదు, ఆ సినిమాకే పనిచేస్తున్న ఒక ప్రొడక్షన్ అసిస్టెంటు నుంచి అని తేల్చారు. చేతులు మారి చేతులు మారి, చివరకు సెల్‌ఫోను షాపుల దాకా వచ్చింది. నిర్మాత కంగారుపడి విడుదల తేదీని ముందుకు జరిపి సెప్టెంబరు 27నే సినిమా వదిలారు. అదృష్టం బాగుండి అది బ్రహ్మాండంగా ఆడింది. అరెస్టయిన కుర్రాళ్ళకు మాత్రం ఆ అదృష్టం పంచలేదు.

‘అది సినిమా దొంగతనం, నేను వ్రాసింది నాలుగు ముక్కలు. రెంటికీ పోలికేమిటి?’ అంటావు. పోలిక ఒక్కటే. ‘ఇది మన స్నేహితుడికి మాత్రమే’ అనుకున్నది ఏదీ స్నేహితుడి దగ్గర ఆగదు. నీ ఉత్తరం నువ్వే మళ్ళీ చదువుకో. మీ సారు నీ ఫ్రెండ్స్ లిస్టులో లేరు గదా. మరి ఆయన బల్ల మీదకు ఆ కాగితం ఎలా వచ్చింది? పడీ పడీ నవ్వినవాళ్ళలోనే ఒకరు తెచ్చి ఇచ్చారు. నవ్వినవాళ్ళందరూ నీవాళ్ళు కారు, తమ్ముడూ.

ఇంకో సంగతి. సినిమాకు సెన్సారు విడుదలకు ముందు జరుగుతుంది. కత్తెర పడితే అక్కడే తెలిసిపోతుంది. సరిదిద్దుకుని వస్తారు. ఉద్యోగి వ్రాతకు సెన్సారు విడుదలయ్యాక జరుగుతుంది. అప్పుడు కత్తెర వ్రాత మీద పడదు, జీతం మీద పడుతుంది.

హాలీవుడ్‌లోనూ ఇదే గోల

పెద్దవాళ్ళకు ఇవేమీ అంటవనుకోకండి. జేమ్స్ గన్ అనే హాలీవుడ్ దర్శకుడు ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ సినిమాలు తీసి కోట్లు తెచ్చిపెట్టాడు. 2018 జూలైలో డిస్నీ కంపెనీ అతన్ని మూడో భాగం నుంచి తీసేసింది. కారణం? ఎప్పుడో ఎనిమిది, పదేళ్ళ కిందట ట్విట్టరులో వేసిన మోటు జోకులు. అప్పట్లో అతను అంత పెద్ద దర్శకుడు కాదు. ఎవరూ పట్టించుకోలేదు. పైకొచ్చాక గిట్టనివాళ్ళు తవ్వి తీశారు. అతను క్షమాపణ చెప్పుకున్నాడు. నటీనటులు అతని పక్షాన బహిరంగ లేఖ వ్రాశారు. ఎనిమిది నెలల తర్వాత, 2019 మార్చిలో, మళ్ళీ పిలిచారు. 2023లో సినిమా వచ్చింది. ఈలోగా మరో కంపెనీ అతనికి మరో పెద్ద సినిమా ఇచ్చింది కూడా.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది రెండు ముక్కలు. పాత వ్రాతకు ముసలితనం రాదు. పదేళ్ళ తర్వాత తీసినా నిన్న వ్రాసినట్టే వుంటుంది. రెండోది, గన్‌కి కుర్చీ తిరిగి దొరికింది, ఎందుకంటే ఆ కుర్చీలో అతనిలా కూర్చునేవాడు మరొకడు లేడు. మన గుమాస్తా కుర్చీకి బయట వందమంది క్యూలో నిలబడి వున్నారు.

అంతకు చాలా ముందే, 2002లో, అమెరికాలో హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమ్మాయికి ఇదే జరిగింది. లాస్ ఏంజిలిస్‌లో కంప్యూటరు ఉద్యోగం. ‘డూస్’ అనే పేరుతో సొంతంగా ఒక డైరీ ఇంటర్నెట్టులో నడిపేది. అందులో తోటి ఉద్యోగుల మీద ఛలోక్తులు విసిరింది. కంపెనీ ఇంటికి పంపింది. ఆ తర్వాత ఆ పేరు కాస్తా అక్కడి ఇంగ్లీషులో ఒక క్రియాపదమైపోయింది. సొంత వ్రాత వల్ల ఉద్యోగం పోతే ‘డూస్ అయ్యాడు’ అనడం మొదలెట్టారు. ఆమె మాత్రం తర్వాత ఆ డైరీతోనే పేరూ డబ్బూ సంపాదించింది. అలాంటివాళ్ళు ఏ కొద్దిమందో. ఆ దారిన వెళ్ళి బస్సు ఛార్జీలు కూడా రానివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు.

సర్కారు కుర్చీ అయితే

మళ్ళీ మన వూళ్ళకు వద్దాం. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి అని ఒక పుస్తకం వుంది. మన రాష్ట్ర ఉద్యోగులది 1964 నాటిది. కేంద్ర ఉద్యోగులదీ 1964 నాటిదే. ఫోనులు లేని కాలంలో వ్రాసినది గదా, మనకేం తగులుతుందిలే అనుకోకండి. కేంద్రం నియమం ఏమంటుందో సూక్ష్మంగా చెబుతాను.

పూర్తిగా సాహిత్యం, కళ, శాస్త్రం అయిన వ్రాతలకు ముందుగా అనుమతి అక్కరలేదు. అంటే కథ వ్రాసుకోవచ్చు, కవిత్వం వ్రాసుకోవచ్చు, సినిమా బాగుందో లేదో వ్రాసుకోవచ్చు. కాని ప్రభుత్వం ఇప్పుడు చేస్తున్న, ఇటీవల చేసిన పనుల్ని తప్పుపట్టేలా ఏదీ ప్రకటించకూడదు. సొంత పేరుతోనే కాదు, పేరు లేకుండా కూడా, మారుపేరుతో కూడా, మరొకరి పేరుతో కూడా! చూశావా? ‘దొంగ పేరుతో వ్రాస్తే సరి’ అనే మహానుభావుల్ని ఆ నియమం వ్రాసినవాళ్ళు అప్పుడే కనిపెట్టారు. మారుపేరు బీనాదేవి వారికి కథ చెప్పుకునే గొంతు. పైవాణ్ణి తిట్టడానికి తెర అనుకుంటే మాత్రం అది చాలా పల్చని తెర. నీ యాస, నువ్వు చెప్పే సంగతులు, నువ్వు వ్రాసే వేళ, ఇవి చాలు నిన్ను పట్టించడానికి.

ఈ నియమాలు చిన్నవాళ్ళకేనా అంటే కాదు. కేరళలో ‘కలెక్టర్ బ్రో’ అని కుర్రకారు ముద్దుగా పిలుచుకున్న ఎన్.ప్రశాంత్ అనే ఐ.ఏ.ఎస్. అధికారి, తన పై అధికారి మీద ఫేస్‌బుక్కులో విమర్శలు వ్రాసినందుకు 2024 నవంబరులో సస్పెండయ్యారు. తెలంగాణలో స్మితా సభర్వాల్ గారి సంగతి మీరంతా విన్నదే. 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల గొడవ జరుగుతున్నప్పుడు, కంప్యూటరు గీసిన ఒక బొమ్మను ఆమె మళ్ళీ పంచుకున్నారు. సొంత మాట ఒక్కటి కూడా వ్రాయలేదు. ఏప్రిల్‌లో పోలీసుల నోటీసు వచ్చింది. అదే బొమ్మను రెండు వేల మంది పంచుకున్నారు, అందరికీ ఇదే వర్తిస్తుందా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆ నెలాఖరు బదిలీల్లో పర్యాటక శాఖ నుంచి ఆర్థిక సంఘానికి మారారు. కారణం ఇదేనని నేను అనను, ప్రభుత్వమూ అనలేదు. వరస మాత్రం మీ ముందు పెట్టాను. అంచేత ‘నేను వ్రాయలేదు, షేర్ మాత్రమే చేశాను’ అనే మాటకు ఆఫీసుల్లో విలువ తక్కువ సుమా!

ఇంకొకటి చెబితే గొంతు పూడుకుపోతుంది. 2020 ఏప్రిల్, కరోనా మొదటి రోజులు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న సుధాకర్ గారు, డాక్టర్లకు సరైన మాస్కులు కూడా ఇవ్వడం లేదని బహిరంగంగా అన్నారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖపట్నం నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యం దేశమంతా చూసింది. హైకోర్టు ఆ కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. మరుసటి ఏడాది మే నెలలో ఆయన చనిపోయారు.

తమ్ముడూ, ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకాయన తోటివాళ్ళ ప్రాణాల కోసం మాట్లాడి ఉద్యోగాన్ని పణంగా పెట్టారు. నువ్వు సారు మీసాల మీద జోకు కోసం పెట్టావు. పోయేది రెండు చోట్లా ఉద్యోగమే. దేనికోసం పోయిందన్న దాంట్లోనే తేడా అంతా వుంది.

హక్కు లేదని మాత్రం అనుకోకు

ఇదంతా విని దడుచుకుని ఫోను బీరువాలో పెట్టేసెయ్యకు. కోర్టులు మన పక్షాన కూడా మాట్లాడాయి. ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కుల్ని గుమ్మం బయట విడిచి రానక్కరలేదని సుప్రీంకోర్టు 1962లోనే, కామేశ్వర ప్రసాద్ అనే బీహారు కేసులో తేల్చింది. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఇంకా దగ్గరి విషయం చెప్పింది. అక్కడ చేపల శాఖలో ఒక మహిళా ఉద్యోగి. రిటైరు కావడానికి కొద్ది రోజుల ముందు, ఒక రాజకీయ సభకు వెళ్ళారనీ ఫేస్‌బుక్కులో వ్రాశారనీ సస్పెండ్ చేశారు. ఆమె కోర్టుకెక్కారు. ప్రభుత్వ ఉద్యోగికీ భావ ప్రకటన హక్కు వుంది, నియమాలు గీసిన హద్దుల్లో ఆమె తన అభిప్రాయం చెప్పుకోవచ్చు అని కోర్టు ఆ చర్యను కొట్టేసింది. రావలసిన డబ్బు ఇవ్వమంది. కంప్యూటరులో ‘బాధ కలిగించే’ మాట వ్రాస్తే జైలు అనే 66ఏ సెక్షను వుండేది గదా, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టి పారేసింది.

కాని హక్కు వేరు, తీరిక వేరు. హైకోర్టులో గెలవడానికి యేళ్ళు పడుతుంది. ఈలోగా పాలవాడికి, కిరాణా కొట్టుకు, ఇంటద్దెకు కోర్టు తీర్పు చూపిస్తే కుదరదు.

పైగా అందరి కుర్చీలూ ఒకటి కావు. పర్మినెంటు ఉద్యోగిని ఊరికే తీసేయడం కష్టం. రాజ్యాంగంలో 311వ అధికరణం అడ్డం వుంది. చార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, విచారణ జరపాలి. సస్పెండ్ చేసినా జీవనభృతి ఇవ్వాలి. నీలాంటి కాంట్రాక్టు మనిషికి ఆ గోడ చాలా పొట్టిది. నిన్ను తీసేయనక్కరలేదు, మార్చిలో కాగితం కొత్తది వేయకపోతే చాలు. కారణం కూడా చెప్పరు. మీ సారు ఒక్క మాట అనకపోవడంలో అర్థం ఇదే కావచ్చు.

ప్రైవేటు కంపెనీల్లో వున్నవాళ్ళు ‘మాకు ఏ నియమావళీ లేదు’ అని సంబరపడవద్దు. రాజ్యాంగం ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యం సర్కారు గొంతు నొక్కకుండా ఇచ్చినది. కంపెనీ చేతిని అది నేరుగా పట్టుకోదు. అక్కడ రాజ్యాంగం కంటే ముందు మీరు సంతకం పెట్టిన అప్పాయింట్‌మెంట్ ఆర్డరు మాట్లాడుతుంది. చేరిన రోజు సంతోషంలో చదవకుండా సంతకం పెట్టిన ఆ కాగితాల్లో, ఆఫీసు సంగతులు బయట చెప్పను అనే ముక్క దాదాపుగా వుంటుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కుర్రాడికైనా, ఫిలింనగర్‌లో అసిస్టెంట్ డైరెక్టరుకైనా అంతే. సెట్టు మీద తీసిన ఒక్క సెల్ఫీలో వెనక హీరో గెటప్ కనబడితే చాలు, మర్నాటి నుంచి కారు రాదు.

మూడు డబ్బాలు

మరి ఎలా వ్రాయాలి? నా లెక్క ఇది. వ్రాయబోయే ప్రతి ముక్కనూ మూడు డబ్బాల్లో ఏదో ఒకదానిలో వెయ్యి.

మొదటి డబ్బా: నీ ఇష్టాలు. సినిమా, పాట, కథ, మీ వూరి తిరనాళ్ళు, ఉయ్యూరు చెరకు బళ్ళు, బందరు లడ్డు. ఇవి నీ సొంతం. తెగ వ్రాసుకో. ఆఫీసు వేళల్లో, ఆఫీసు కంప్యూటరు మీద మాత్రం వద్దు. పేరు కింద ఉద్యోగం పేరు పెట్టుకోకు. నిన్ను చదివేవాళ్ళు నీ కోసం చదవాలి గాని నీ కుర్చీ కోసం కాదు.

రెండో డబ్బా: నీ అభిప్రాయాలు. ప్రభుత్వం మీద, పై అధికారి మీద, కంపెనీ మీద. ఈ డబ్బా మూత తీసేముందు ఒక రాత్రి ఆగు. కోపంలో వ్రాసినదాన్ని పంపకుండా దాచుకుని పొద్దున్నే మళ్ళీ చదువు. రాత్రి సింహంలా కనబడిన వాక్యం పొద్దున్నకి పిల్లిలా మ్యావుమంటుంది. అప్పటికీ సింహంలాగే వుంటే, నీ నియమాలేమిటో చదువుకుని, ఆ వెల నువ్వు కట్టగలవో లేదో చూసుకుని వ్రాయి. పేరు పెట్టకపోతే పరువు నష్టం కాదనుకోకు. ఎవరి గురించో వూరంతా పోల్చుకోగలిగితే పేరు పెట్టినట్టే. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను కింద పరువు నష్టానికి రెండేళ్ళ దాకా శిక్ష వుంది.

మూడో డబ్బా: కుర్చీలో కూర్చున్నందువల్ల మాత్రమే నీకు తెలిసినవి. ఫైళ్ళు, అర్జీదారుల వివరాలు, టెండర్లు, విడుదల కాని సినిమా కథ, ఆసుపత్రిలో రోగి జబ్బు. ఇవి నీవి కావు. నీ దగ్గర దాచిపెట్టినవి. వీటిని సరదాకి బయటపెట్టడం వ్రాత కాదు, పెడన కథే.

‘మరి అన్యాయం కనబడితే నోరు మూసుకోవాలా?’ అని నువ్వు అడుగుతావు. అడగాలి కూడా. మీ పొరుగున వున్న కూచిపూడి భాగవతులే దీనికి జవాబు చెప్పారు. మాచుపల్లి కైఫీయతులో ఒక సంగతి వుంది. అయిదు వందల యేళ్ళ కిందట సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అనే పాలకుడు పన్నుల కోసం ఆడవాళ్ళని కూడా హింసలు పెడుతుంటే ఈ భాగవతులు కళ్ళారా చూశారు. అక్కడే సంతలో నిలబడి తిట్టలేదు. తిడితే తలలు మిగిలేవి కావు. విజయనగరం వెళ్ళారు. రాయల కొలువులో, చూసింది చూసినట్టు కేళిక ఆడి చూపించారు. రాజుకు అర్థమైంది, గురవరాజుకు శిక్ష పడింది. వాళ్ళు నోరు మూసుకోలేదు, విప్పవలసిన చోట విప్పారు. మన కాలంలో ఆ కొలువులు ఇవి: పై అధికారికి వ్రాతపూర్వకమైన ఫిర్యాదు, అవినీతి నిరోధక శాఖ, యూనియను, పౌరుడిగా ఎవరైనా వాడుకోగల 2005 నాటి సమాచార హక్కు చట్టం, చివరగా కోర్టు. వీటిలో పని తెమలడం ఆలస్యమే. లైకులూ రావు. కాని అన్యాయం ఆగాలన్నదే నీ కోరిక అయితే దారి అదే.

ఆ తలుపులన్నీ తట్టినా తెరుచుకోకపోతే? అప్పుడు మనిషి తన లెక్క తాను చూసుకోవాలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1907లో రాజమండ్రి ట్రెయినింగు కాలేజీలో చదువుతున్నారు. బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడి వెళ్ళాక, వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు కాలేజీ నుంచి తీసేశారు. ఇక సర్కారు ఉద్యోగం దొరకదన్నారు. ఆయన బెజవాడ వచ్చి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. 1908లో అందులో వ్రాసిన వ్రాతకు మూడేళ్ళు జైలు పడింది. బయటకు వచ్చాక గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కయ్యారు. ఆయన తెలియక ఇరుక్కోలేదు. వెల తెలిసి కట్టారు. అందుకే నూరేళ్ళు దాటాక కూడా ఆ పేరు తలుచుకుంటున్నాం.

కాబట్టి తమ్ముడూ, నా సలహా ఒక్క వాక్యంలో: నవ్వు కోసం ఉద్యోగం పోగొట్టుకోకు, నిజం కోసం పోగొట్టుకోవలసి వస్తే లెక్క చూసుకుని పోగొట్టుకో.

ఇక రేపు పొద్దున్న చెయ్యవలసిన పనులు. మీ సారు దగ్గరకు నువ్వే వెళ్ళు. స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్ళకు. ‘సార్, అది నేను వ్రాసినదే. మిమ్మల్ని నొప్పించడం పొరపాటు. తీసేశాను’ అని నాలుగు ముక్కలు చెప్పి రా. అబద్ధం ఆడకు, ‘మిమ్మల్ని గురించి కాదండీ’ అని మాత్రం అనకు. ఆయన పిచ్చివాడు కాదు. నోటితో సర్దుకునేది కాస్తా మెమో దాకా వస్తే, మెమో తీసుకుని సంతకం పెట్టు, గడువులోగా కాగితం మీద జవాబు ఇవ్వు, నకలు దగ్గర వుంచుకో. ఆ కోపాన్ని మళ్ళీ ఫోనులో వ్రాయకు. ఆ ఒక్క పనీ చేసి మునిగినవాళ్ళే ఎక్కువ. నీ కాంట్రాక్టు కాగితం ఈ రాత్రే మొదటి నుంచి చివరిదాకా చదువు. సినిమా టైటిల్సు కూడా వదలకుండా చూసేవాడివి, అది చదవడానికి పావుగంట పట్టదు.

అమ్మకు చెప్పు, అబ్బాయి వ్రాయడం మానడం లేదు, సారు మీద వ్రాయడం మానుతున్నాడని. విలన్‌ని అంత బాగా పట్టుకున్న చెయ్యి ఒక మంచి కథ వ్రాయగలదు. మీ ఆఫీసు లేని, మీ సారు లేని కథ. వ్రాసి పంపు, చదువుతాం. దాని కింద మాత్రం నీ పేరు వేయవద్దని అనకు.

వచ్చేవారం మళ్ళీ మామూలు ప్రశ్నలే. చీరల వాళ్ళు కాస్త ఓపిక పట్టండి.